మెటాప్లాస్టిక్ రొమ్ము క్యాన్సర్: రిపోర్టులోని కణాల పేర్లను బట్టి ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పొచ్చా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. రొమ్ములో 4.2 సెంటీమీటర్ల గడ్డ తీశారు. పాథాలజీ రిపోర్టులో "మెటాప్లాస్టిక్ కార్సినోమా, స్పిండిల్ సెల్, స్క్వామస్ డిఫరెన్షియేషన్‌తో, గ్రేడ్ 3, ట్రిపుల్ నెగెటివ్, సెంటినెల్ నోడ్స్ 0/3" అని వచ్చింది. మెటాప్లాస్టిక్ అంటే క్యాన్సర్ కణం వేరే రకం కణంగా మారడం, స్పిండిల్ అంటే కదురు ఆకారపు కణం, స్క్వామస్ అంటే చర్మంలో ఉండేలాంటి పొలుసు కణం. ట్రిపుల్ నెగెటివ్ అంటే ఇఆర్, పిఆర్ అనే హార్మోన్ రిసెప్టార్లు, హెర్2, ఈ మూడూ లేకపోవడం. సెంటినెల్ నోడ్స్ 0/3 అంటే క్యాన్సర్ మొదట పాకే చంక గ్రంథులు మూడు చూస్తే ఒక్కదానిలోనూ లేదని. ఒక డాక్టరు ఇది మొండి రకం అన్నారు. ఇంకొకరు నోడ్స్‌లో లేదు కదా, కంగారు వద్దన్నారు. కణాలు ఇలా మారడం వల్ల ప్రమాదం పెరుగుతుందా, పెరిగితే ఎంత అన్నది ప్రశ్న.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. ఈ రిపోర్టులో కణాల గురించి రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. క్యాన్సర్ కణం ఏ రకం కణంగా మారింది అన్నది ఒకటి: స్పిండిల్, స్క్వామస్, మృదులాస్థి, ఎముక. ఆ మారిన కణం ఎంత అదుపు తప్పి ఉంది అన్నది రెండోది, అదే గ్రేడ్. మామూలు రొమ్ము క్యాన్సర్‌లో మొదటి ప్రశ్న పెద్దగా రాదు, గ్రేడ్ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. మెటాప్లాస్టిక్ రకంలో రెండింటినీ విడివిడిగా చదవాలి. అప్పుడే గడ్డ సైజు, నోడ్స్, మార్జిన్ (తీసిన ముక్క అంచుకూ క్యాన్సర్‌కూ మధ్య దూరం) లెక్కలోకి తీసుకోవడంలో అర్థం ఉంటుంది.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. పాలగొట్టం గోడలో రెండు వరసల కణాలుంటాయి. లోపలివి పాలు తయారుచేసే వంశానివి, బయటివి మయోఎపిథీలియల్ కణాలు. బయటి వరసకు సహజంగానే కాస్త కండరపు కణం లక్షణాలు, సికె5, సికె14 (సికె అంటే కెరాటిన్ ప్రొటీన్ రకం), పి63 లాంటి గుర్తులు, అంటే కణం ఏదో గుర్తుపట్టించే ప్రొటీన్లు, ఉంటాయి. మెటాప్లాస్టిక్ క్యాన్సర్‌లో ఎపిథీలియల్ కణం (గొట్టాల గోడ పొరలోని కణం) తన పక్క కణాలతో పట్టు వదిలేసి, సాగి, కదురు ఆకారానికి వస్తుంది. లేదా చర్మపు కణంలా కెరాటిన్ తయారుచేస్తుంది. లేదా తన చుట్టూ మృదులాస్థి లాంటి పదార్థం పోస్తుంది. ఇవన్నీ వేర్వేరు క్యాన్సర్లు ఒకచోట కలవడం కాదు. ఒకే గడ్డలో గ్రంథిలా కనిపించే భాగాన్నీ స్పిండిల్ భాగాన్నీ విడదీసి జన్యువులు చదివితే ముఖ్యమైన మ్యుటేషన్లు రెండింటిలోనూ ఒకటే కనిపిస్తాయి. అంటే ఒకే వంశం, వేషం మాత్రం మారింది. అందుకే చూడ్డానికి సార్కోమాలా (ఎముక, కండరం లాంటి కణజాలపు క్యాన్సర్‌లా) ఉన్నా ఇది కార్సినోమానే (ఎపిథీలియల్ కణాల క్యాన్సరే), వైద్యం కూడా కార్సినోమా వైద్యమే.

ఈ పేరును 1973లో హ్యూవోస్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో దీన్ని విడి రకంగా గుర్తించింది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో సుమారు 1 శాతం లోపే ఉంటుంది. ఇంత అరుదు కాబట్టే ఒక్కో ఆస్పత్రి లెక్కలు ఒక్కోలా ఉంటాయి, ఇంటర్నెట్‌లో దొరికే శాతాలు ఒకదానికొకటి పొసగవు.

ఇక రకాలు. 2019 వర్గీకరణ ప్రకారం ఈ గొడుగు కింద ఆరు ఉన్నాయి: లో-గ్రేడ్ అడినోస్క్వామస్, ఫైబ్రోమటోసిస్ లాంటిది, స్పిండిల్ సెల్, స్క్వామస్ సెల్, మృదులాస్థి-ఎముక వంటి మీసెంకైమల్ మార్పు ఉన్నది, ఇవి కలగలిసిన మిశ్రమ రకం. మొదటి రెండింటినీ మిగతావాటి నుంచి పక్కకు తీసి చూడాలి. పేరులో "మెటాప్లాస్టిక్" ఉందని వీటికీ గట్టి కీమో రాసెయ్యడం నిజంగా జరిగే పొరపాటు.

లో-గ్రేడ్ అడినోస్క్వామస్‌లో చిన్న చిన్న గొట్టాలు, మధ్యలో పొలుసు కణాల ముద్దలు, చుట్టూ నార కణజాలం ఉంటాయి. న్యూక్లియస్‌లు చిన్నవి, విభజనలు దాదాపు కనిపించవు. ఇది ట్రిపుల్ నెగెటివే, కానీ నోడ్స్‌కు పాకడం చాలా అరుదు. మొత్తంగా తీయకపోతే అక్కడే తిరగబెడుతుంది, ఇబ్బంది అంతవరకే. ఫైబ్రోమటోసిస్ లాంటి రకంలోనూ కణాలు సన్నగా, నెమ్మదిగా ఉంటాయి. గాయం మానిన మచ్చలా కనిపించి పాథాలజిస్టునే ఏమారుస్తాయి. ఇదీ ప్రధానంగా చోటులోనే తిరగబెట్టే జాతి. దూరంగా పాకిన కేసులు ఉన్నాయి, కానీ కొద్ది. ఈ రెండింటికీ శుభ్రమైన మార్జిన్‌తో ఆపరేషన్ అసలు వైద్యం. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా వీటిని మంచి ఫలితం ఉండే రకాల్లోనే చేర్చాయి. ఒక షరతు మాత్రం ఉంది. గడ్డలో ఏ మూలా హై-గ్రేడ్ భాగం ఉండకూడదు. సూది బయాప్సీలో లో-గ్రేడ్ కనిపించినంత మాత్రాన మిగతా గడ్డ కూడా అంతే అనుకోకూడదు. గడ్డ మొత్తం చూశాకే ఆ మాట అనాలి.

ట్రిపుల్ నెగెటివ్ అనగానే గుండె జారిపోయేవాళ్లకు ఇంకో సంగతి. రొమ్ములో వచ్చే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా, సెక్రెటరీ కార్సినోమా కూడా ట్రిపుల్ నెగెటివే. ఒకదానిలో ఎంవైబి-ఎన్‌ఎఫ్‌ఐబి, రెండోదానిలో ఈటివి6-ఎన్‌టిఆర్‌కె3 అనే జన్యు కలయికలుంటాయి. మామూలు రూపంలో ఉన్నప్పుడు రెండింటి ఫలితమూ చాలా బాగుంటుంది. మూడు రిసెప్టార్లూ లేకపోవడం ఒక్కటే భవిష్యత్తును తేల్చదు, కణం ఏ దారి పట్టిందన్నదీ చూడాలి.

హై-గ్రేడ్ రకాల్లో తేడా అంత స్పష్టంగా ఉండదు. మృదులాస్థి లాంటి పదార్థం పోసే రకం, అంటే మ్యాట్రిక్స్-ప్రొడ్యూసింగ్ రకం, హై-గ్రేడ్ స్పిండిల్, స్క్వామస్ రకాలకన్నా కొంత మెరుగ్గా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. స్పిండిల్, స్క్వామస్‌లలో ఏది ఎక్కువ చెడ్డదో ఒక్కో అధ్యయనం ఒక్కోలా చెబుతుంది. నా అభిప్రాయంలో ఆ పోటీ మీద సమయం వృథా చేసుకోవద్దు. మీ రిపోర్టులో రెండూ ఉన్నాయి, రెండూ హై-గ్రేడ్. కాబట్టి రకాన్ని బట్టి దొరికే ఊరట ఇక్కడ లేదు. ఇకనుంచి చూడాల్సింది సైజు, నోడ్స్, రక్తనాళాల్లోకి చొరబాటు, మార్జిన్. మిశ్రమ రకంలో ఏ భాగం ఎంత శాతమో రిపోర్టులో రాయించుకోండి. "స్పిండిల్ 70 శాతం, స్క్వామస్ 30 శాతం" అన్నట్టు ఉంటే తర్వాత ఎప్పుడైనా తిరగబెడితే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

గ్రేడ్ 3 ఎలా వచ్చిందో దగ్గరగా చూడండి, ఎందుకంటే ఈ రకంలో ఆ అంకె కొంచెం వంకరగా పనిచేస్తుంది. నాటింగ్‌హామ్ పద్ధతిలో మూడింటికి మార్కులు వేస్తారు. కణాలు గొట్టాలుగా ఏర్పడ్డాయా, న్యూక్లియస్‌లు ఎంత వికృతంగా ఉన్నాయి, విభజనలు ఎన్ని ఉన్నాయి, ఒక్కోదానికి 1 నుంచి 3. మొత్తం 3 నుంచి 5 అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 గ్రేడ్ 2, 8 లేదా 9 గ్రేడ్ 3. విభజనలను మైక్రోస్కోపు హై పవర్‌లో 10 ఫీల్డ్స్‌లో లెక్కపెడతారు. ఫీల్డ్ వ్యాసం 0.55 మిల్లీమీటర్లు ఉన్న మైక్రోస్కోపులో 8 వరకు అయితే 1 మార్కు, 9 నుంచి 17 వరకు 2, 18 లేదా అంతకుమించి ఉంటే 3. మైక్రోస్కోపు మారితే ఈ హద్దులు మారతాయి.

ఇప్పుడు స్పిండిల్ సెల్ గడ్డకు ఇదే లెక్క వేయండి. స్పిండిల్ కణాలు గొట్టాలు కట్టవు, కాబట్టి మొదటి మార్కు ఎప్పుడూ 3. అంటే మూడోవంతు మార్కు చూడకముందే ఖాయమైపోయింది, దానివల్ల కొత్త సమాచారం ఏమీ రాదు. ఫైబ్రోమటోసిస్ లాంటి నెమ్మది రకం కూడా 3 + 1 + 1తో 5 దగ్గర మొదలవుతుంది, న్యూక్లియస్‌కు 2 పడితే 6 అయి గ్రేడ్ 2లో పడుతుంది. హై-గ్రేడ్ స్పిండిల్ 3 + 3 + 3తో 9. ఈ రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, కాగితం మీద మాత్రం గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని పక్కపక్కన కనిపిస్తాయి. అందుకే మొత్తం గ్రేడ్ ఒక్కటే కాకుండా మూడు మార్కులూ విడివిడిగా అడగండి. "3+3+2" అన్నదానికీ "3+3+3" అన్నదానికీ గ్రేడ్ ఒకటే అయినా, విభజనల మార్కు కణాల వేగం గురించి ఎక్కువ చెబుతుంది. కి-67 (విభజనలో ఉన్న కణాల గుర్తు) శాతం ఇచ్చి ఉంటే దాన్ని ఈ మూడో మార్కుతో కలిపి చదవాలి.

అసలు నిర్ధారణ సరైనదేనా అన్న ప్రశ్నను తేలిగ్గా వదిలేయకండి. ఈ రకంలో పెద్ద పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. రొమ్ములో కదురు ఆకారపు ప్రాణాంతక కణాలు కనిపిస్తే, వేరే అని రుజువయ్యేదాకా అది మెటాప్లాస్టిక్ కార్సినోమానే అనుకోవాలన్నది పాథాలజీలో పాత సూత్రం. ఇది మెటాప్లాస్టిక్ కార్సినోమానే అన్న రుజువు మూడు దారుల్లో దొరుకుతుంది. పక్కనే మామూలు డక్టల్ కార్సినోమా గానీ డిసిఐఎస్ (పాలగొట్టం దాటని తొలి దశ క్యాన్సర్) గానీ కనిపించడం. స్పిండిల్ కణాలు కెరాటిన్ గుర్తులకు పాజిటివ్ రావడం. పి63 లేదా పి40 పాజిటివ్ రావడం.

కెరాటిన్ పరీక్షలో చిక్కు ఏమిటంటే ఈ కణాలు ఎపిథీలియం గుర్తులను చాలావరకు పారేసుకుని ఉంటాయి. సికె7, క్యామ్5.2 రెండే చేసి నెగెటివ్ వచ్చిందని సార్కోమా అనేస్తే తప్పు. కనీసం ఎఇ1/ఎఇ3, 34బీటాఇ12, సికె5/6 లేదా సికె14, వీటితో పాటు పి63, ఇంత ప్యానెల్ ఉండాలి. వీటిలో ఒక్కటే, అదీ గడ్డలో ఒక మూల కొన్ని కణాల్లోనే పాజిటివ్ రావచ్చు. ఒక బ్లాక్‌లో (మైనంలో భద్రపరచిన గడ్డ ముక్కలో) నెగెటివ్ వస్తే ఇంకో బ్లాక్ మీద మళ్లీ చేయాలి. టిఆర్‌పిఎస్1 అనే కొత్త గుర్తు మెటాప్లాస్టిక్ కేసుల్లో చాలా భాగం పాజిటివ్ వస్తుంది, సాయపడుతుంది. కానీ ఫిలోడ్స్ అనే వేరే రకం రొమ్ము గడ్డలోనూ, ఎముక, మృదులాస్థి సార్కోమాల్లోనూ అది పాజిటివ్ రావచ్చు కాబట్టి ఒంటరిగా దాన్ని నమ్మకూడదు.

ప్రాణాంతక ఫిలోడ్స్ ట్యూమర్ అన్నింటికన్నా దగ్గరి పోలిక. దానిలో ఆకుల్లా చీలిన నిర్మాణం, మధ్యలో మామూలు ఎపిథీలియం ఉంటాయి, స్ట్రోమాలో (చుట్టూ ఉండే నార కణజాలంలో) సిడి34 అనే గుర్తు పాజిటివ్ వచ్చే అవకాశం ఎక్కువ, మెడ్12 జన్యువులో మ్యుటేషన్ తరచుగా దొరుకుతుంది. మెటాప్లాస్టిక్‌లో సిడి34 సాధారణంగా నెగెటివ్. మరి ఫిలోడ్స్‌లో కూడా అక్కడక్కడ కెరాటిన్, పి63 పాజిటివ్ రావచ్చు, అందుకే చిన్న సూది ముక్క మీద గట్టిగా తేల్చడం కష్టం. ఈ గొడవ పేరు కోసం కాదు. ఫిలోడ్స్ అయితే సాధారణంగా చంక నోడ్స్ తీయరు, కీమో కూడా మామూలుగా ఇవ్వరు. మెటాప్లాస్టిక్ అయితే సెంటినెల్ నోడ్ చూస్తారు, హై-గ్రేడ్ అయితే కీమో ఉంటుంది. పేరు తప్పితే వైద్యమే తప్పుతుంది.

స్క్వామస్ రకానికి వేరే ఉచ్చులున్నాయి. గడ్డ మధ్యలో కరిగి తిత్తిలా మారుతుంది, సూదితో లాగితే చీములాంటి ద్రవం వస్తుంది, చీముగడ్డ అనుకుని యాంటీబయోటిక్స్ ఇస్తారు. మందులు వాడినా తగ్గని, తగ్గినా మళ్లీ వచ్చే చీముగడ్డ గోడ నుంచి ముక్క తీసి చూడాలి. ద్రవం పరీక్ష ఒక్కటీ చాలదు. ఇంకొకటి, ఇది రొమ్ములోనే పుట్టిందా, పైచర్మం నుంచి వచ్చిందా, ఊపిరితిత్తి, గర్భాశయ ముఖద్వారం, గొంతు లాంటి చోటు నుంచి పాకిందా అన్నది తేల్చాలి. సికె5/6, పి63 ఈ అన్నింటిలోనూ పాజిటివ్ కాబట్టి స్లైడ్ల మీది పరీక్షలు ఇది తేల్చి చెప్పవు. చర్మాన్ని కళ్లతో చూడటం, స్కాన్, పక్కన డిసిఐఎస్ ఉందా అని వెతకడం, ఇవే చెబుతాయి.

ల్యాబ్ పనిలో కూడా తేడాలొస్తాయి. తీసిన గడ్డను గంటలోపు ఫార్మలిన్‌లో (కణాలు చెడకుండా నిలిపే ద్రావణంలో) వేయాలి. అది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ కావాలి, ముక్క అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. అంతకన్నా తక్కువైనా ఎక్కువైనా రిసెప్టార్ల రిపోర్టు నమ్మదగ్గది కాదు. గడ్డను కోయకుండా అలాగే వేస్తే ఫార్మలిన్ లోపలిదాకా దిగదు, బయట బాగా ఫిక్స్ అయి మధ్యలో కుళ్లిపోతుంది, అక్కడ రిసెప్టార్లు అబద్ధపు నెగెటివ్ చూపిస్తాయి. అందుకే సుమారు 5 మిల్లీమీటర్ల మందాన బిళ్లలుగా కోస్తారు. గడ్డ పెద్ద వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకూ కనీసం ఒక బ్లాక్ తీయడం మామూలు రివాజు. ఈ రకంలో అంతకన్నా ఎక్కువ తీస్తేనే మంచిది, రంగు, గట్టిదనం మారిన ప్రతిచోటా ఒకటి. 4.2 సెంటీమీటర్ల గడ్డకు రెండు బ్లాకులే తీసి ఉంటే మిగతా గడ్డలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఎముక లాంటి భాగం ఉంటే ఇంకో సమస్య. కత్తికి తెగేలా దాన్ని మెత్తబరచడానికి ఆమ్లం వాడతారు. ఆ ఆమ్లం ప్రొటీన్లను, డిఎన్ఎను పాడుచేస్తుంది, రిసెప్టార్ల ఫలితం, జన్యు పరీక్ష రెండూ చెడతాయి. ఆ పరీక్షలు ఆమ్లం తగలని మెత్తటి బ్లాక్ మీదే చేయించాలి. వేరే దారి లేకపోతే ఆమ్లం బదులు ఇడిటిఎ వాడాలి, సమయం పట్టినా ముక్క దక్కుతుంది.

ఇప్పుడు నోడ్స్ 0/3 సంగతి. ఇది మంచి వార్తే, అందులో అనుమానం లేదు. నోడ్స్ పాజిటివ్ ఉన్న మెటాప్లాస్టిక్ క్యాన్సర్ ఫలితం స్పష్టంగా చెడ్డది. కానీ మామూలు డక్టల్ క్యాన్సర్‌లో "నోడ్స్ క్లియర్" అన్నమాట ఇచ్చేంత భరోసా ఇక్కడ ఇవ్వదు. ఈ గడ్డలు సైజుకు తగ్గట్టు నోడ్స్‌కు పాకవు. మామూలు క్యాన్సర్ 4 సెంటీమీటర్లు దాటితే నోడ్స్ పాజిటివ్ వచ్చే అవకాశం గణనీయం, ఇందులో మొత్తం కేసుల్లో సుమారు నాలుగోవంతులోనే నోడ్స్ పాజిటివ్ వస్తాయి. స్పిండిల్ కణాలకు, మీసెంకైమల్ మార్పు ఉన్నవాటికి రక్తం దారి ఎక్కువ అలవాటు, నోడ్స్ దాటకుండానే ఊపిరితిత్తులకు చేరగలవు. ఆ రెండో డాక్టరు మాటలో లోపం ఇక్కడుంది. అందుకే లింఫోవాస్కులర్ ఇన్వేజన్ (రక్తనాళాలు, లింఫు నాళాల్లోకి చొరబాటు) ఉందా లేదా అన్న వరుస రిపోర్టులో తప్పకుండా చూడండి. గడ్డ టి2 (2 సెంటీమీటర్లు దాటి 5 వరకు), నోడ్స్ ఎన్0 (నోడ్స్‌లో లేదు), వేరేచోట్ల లేకపోతే అనాటమికల్ స్టేజ్ 2ఎ అవుతుంది. స్టేజ్ 2లో లక్షణాలు లేకపోతే ఛాతీ స్కాన్ అందరికీ తప్పనిసరి కాదు, కానీ ఈ రకంలో వైద్యం మొదలయ్యే ముందు ఛాతీ, పొట్ట సిటి ఒకసారి చేయడం సబబనే నా అభిప్రాయం.

రిసెప్టార్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఈ రకంలో 90 శాతానికి పైగా ట్రిపుల్ నెగెటివే. ఇఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టార్) 1 శాతం లేదా అంతకుమించి ఉంటే పాజిటివ్ అంటారు, కానీ 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే హార్మోన్ మాత్రల మీదే భారం వేయకూడదు. హెర్2 పాజిటివ్ వచ్చే కొద్దిమందికి హెర్2 మందులు మామూలుగానే ఇస్తారు.

వైద్యం విషయంలో, ఆపరేషన్‌కు ముందు కీమో ఇవ్వాలా అన్నది ఈ రకంలో నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. మామూలు ట్రిపుల్ నెగెటివ్‌లో ముందు కీమో ఇస్తే మూడోవంతుకు పైగా రోగుల్లో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. మెటాప్లాస్టిక్‌లో అలా కరిగేది చాలా అధ్యయనాల్లో 10 నుంచి 15 శాతం దగ్గరే ఉంది. కారణం కొంతవరకు కణాల మార్పులోనే ఉంది. పక్క కణాలతో పట్టు వదిలి స్పిండిల్‌గా మారిన కణం మూలకణం లాంటి లక్షణాలు సంపాదిస్తుంది, మందును తట్టుకుంటుంది. కొందరిలో కీమో నడుస్తుండగానే గడ్డ పెరుగుతుంది, తీయగలిగిన గడ్డ తీయలేని స్థితికి వచ్చే ప్రమాదం ఉంది. మరోవైపు 2021లో ఆమోదం పొందిన పెంబ్రోలిజుమాబ్ (ఇమ్యూనోథెరపీ మందు) పద్ధతి ఆపరేషన్‌కు ముందు మొదలుపెట్టేలా రూపొందింది. 2 సెంటీమీటర్లు దాటిన ట్రిపుల్ నెగెటివ్ గడ్డలు ఆ పద్ధతి పరిధిలోకి వస్తాయి. కాబట్టి ఆపరేషన్ ఇంకా కానివాళ్లు ముందు కీమో ఎంచుకుంటే, రెండు సైకిళ్లకోసారి అల్ట్రాసౌండ్‌తో కొలిపించాలి. పెరుగుతోందంటే మిగతా సైకిళ్లు పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆపరేషన్‌కు వెళ్లాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించకపోతే నష్టం జరగవచ్చు.

మీ విషయంలో ఆపరేషన్ అయిపోయింది కాబట్టి తర్వాతి కీమో ప్రశ్నే మిగిలింది. 4.2 సెంటీమీటర్ల హై-గ్రేడ్ గడ్డకు ఆంత్రాసైక్లిన్, ట్యాక్సేన్ కలిసిన కీమో మామూలు ఎంపిక. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆంత్రాసైక్లిన్ లేకుండా మారుస్తారు. కీమో తక్కువ పనిచేస్తుందన్నది పెద్ద గడ్డ కరగడం చూసి చెప్పిన లెక్క. దాన్ని పట్టుకుని ఆపరేషన్ తర్వాతి కీమో దండగ అనుకోకూడదు. రొమ్ము మిగిల్చి ఆపరేషన్ చేసి ఉంటే రేడియేషన్ తప్పదు. రొమ్ము మొత్తం తీసినప్పుడు కూడా గడ్డ 5 సెంటీమీటర్లు దాటితే, లేదా నోడ్స్ పాజిటివ్ అయితే, లేదా మార్జిన్ దగ్గరగా ఉంటే రేడియేషన్ ఉంటుంది. స్పిండిల్ కణాలు కొవ్వులోకి వేళ్లలా పాకుతాయి, చేతికి తగిలే గడ్డ అంచుకు అవతల కూడా ఉంటాయి. తీసిన ముక్క అంచుకు పూసే ఇంక్ గీతను కణాలు తాకకపోతే చాలన్నది మామూలు నియమమే. అయినా ఈ రకంలో మార్జిన్ ఎన్ని మిల్లీమీటర్లో, ఏ వైపో రాసి ఉండాలి.

వంశపారంపర్య బిఆర్‌సిఎ జన్యు పరీక్ష ట్రిపుల్ నెగెటివ్ ఉన్న ప్రతివాళ్లూ చేయించుకోవాలి, వయసుతో పనిలేదు. మ్యుటేషన్ ఉంటే, గడ్డ 2 సెంటీమీటర్లు దాటిన మీలాంటి కేసులో కీమో తర్వాత ఒలాపారిబ్ అనే మందు 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడాదిపాటు ఇచ్చే దారి ఉంది. ఉంటే వదులుకోవాల్సిన అవకాశం కాదది.

గడ్డలోని జన్యువులు చదివిస్తే ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. హై-గ్రేడ్ రకాల్లో టిపి53 జన్యువు తరచుగా చెడి ఉంటుంది. పిఐకె3సిఎ, పిటెన్ లాంటి పిఐ3కె దారిలోని (కణం పెరుగుదలను నడిపే సంకేతాల వరుసలోని) మార్పులు మామూలు ట్రిపుల్ నెగెటివ్‌లో కన్నా ఎక్కువ. స్పిండిల్, స్క్వామస్ రకాల్లో టెర్ట్ జన్యువు ప్రమోటర్ (జన్యువును నడిపే భాగం) మ్యుటేషన్లు దొరుకుతాయి, మృదులాస్థి రకంలో ఇవి సాధారణంగా ఉండవు. తొలి దశలో ఈ సమాచారం వైద్యాన్ని మార్చదు, కాబట్టి అప్పుడే ఖర్చు పెట్టనక్కర్లేదు. పాకిన దశలో మాత్రం పనికొస్తుంది. లైపోసోమల్ డాక్సోరుబిసిన్, బెవాసిజుమాబ్‌లకు ఎంటార్ నిరోధకం (పిఐ3కె దారిని అడ్డుకునే మందు) కలిపి 52 మంది మెటాప్లాస్టిక్ రోగులకు ఇచ్చిన పరిశోధనలో 21 శాతం మందికి గడ్డలు తగ్గాయి. పిఐ3కె దారిలో మార్పు ఉన్నవాళ్లలో అది 31 శాతం, లేనివాళ్లలో సున్నా. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చిన ఇంకో చిన్న పరిశోధనలో 17 మందిలో ముగ్గురికే ఫలితం వచ్చింది, కానీ ఆ ముగ్గురిలో అది రెండేళ్లు దాటి నిలిచింది. పాకిన దశలో పిడి-ఎల్1 సిపిఎస్ (పిడి-ఎల్1 ప్రొటీన్ ఎంత ఉందో చెప్పే స్కోరు) 10 లేదా అంతకుమించి ఉంటే పెంబ్రోలిజుమాబ్‌తో కీమో ఇస్తారు.

తిరగబెడితే మళ్లీ ముక్క తీయించాలి. పాత రిపోర్టు మీద ఆధారపడొద్దు. మొదట మిశ్రమంగా ఉన్న గడ్డ ఊపిరితిత్తిలో ఒక్క స్పిండిల్ కణాలతోనే కనిపించవచ్చు, లేదా గ్రంథి రూపంలోనే కనిపించవచ్చు. మొదటి రిపోర్టు గురించి తెలియని పాథాలజిస్టు దాన్ని ఊపిరితిత్తి సార్కోమా అని రాసే ప్రమాదం ఉంది. మొదటి స్లైడ్లు పక్కన పెట్టి చూడాలి.

అంకెల సంగతికి వద్దాం. అన్ని దశలూ కలిపి చూసిన చాలా అధ్యయనాల్లో ఐదేళ్లు బతికి ఉన్నవాళ్లు 55 నుంచి 75 శాతం మధ్య ఉన్నారు. అందులో పాకిన దశలో బయటపడ్డవాళ్లూ, 7, 8 సెంటీమీటర్ల గడ్డలవాళ్లూ, నోడ్స్ నిండా ఉన్నవాళ్లూ ఉన్నారు. స్టేజ్ 2ఎ, నోడ్స్ నెగెటివ్, శుభ్రమైన మార్జిన్, పూర్తి కీమో ఉన్నవాళ్లు ఆ వరుసలో పై అంచు వైపే ఉంటారు, కింది అంచు వైపు కాదు. అదే దశలో ఉన్న మామూలు ట్రిపుల్ నెగెటివ్‌తో పోలిస్తే కొంత తక్కువే అని ఎక్కువ అధ్యయనాలు చెబుతాయి. "మొండిది" అన్న మాటకు ఉన్న ఆధారం అదే, అంతకుమించి కాదు. తిరగబెట్టడమంటూ ఉంటే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ఐదేళ్లు దాటాక ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్‌లా పది పదిహేనేళ్లకు తిరిగొచ్చే బెడద తక్కువ.

అందుకే మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్షించాలి, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్. లక్షణాలేవీ లేకుండా పదేపదే పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్లు చేయించడం వల్ల ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. మూడు వారాలు దాటినా తగ్గని పొడిదగ్గు, ఆయాసం, కొత్తగా మొదలై వదలని తలనొప్పి, ఒకేచోట ఎముక నొప్పి, కుట్టు పక్కన చిన్న గట్టిదనం, వీటికి మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్‌దాకా ఆగకూడదు.

ఇద్దరు డాక్టర్ల మాట కలవనప్పుడు చేయాల్సిన మొదటి పని రొమ్ము పాథాలజీలో ప్రత్యేక అనుభవమున్న చోటికి రెండో అభిప్రాయానికి పంపడం. స్లైడ్లు మాత్రమే ఇచ్చి పంపొద్దు, వాటి మీద కొత్త పరీక్షలు చేయడం కష్టం. పారఫిన్ బ్లాకులు, కెరాటిన్ పరీక్షల స్లైడ్లతో సహా అన్ని స్లైడ్లు, ఆపరేషన్ నోటు, మామోగ్రామ్ రిపోర్టు కలిపి పంపండి. ప్యాకెట్ మీద బ్లాక్ నంబర్లు రాయించి నకలు దగ్గర పెట్టుకోండి, బ్లాకులు దారిలో పోతే తిరిగి దొరికేవి కావు. అడగాల్సినవి కాగితం మీద రాసి జతచేయండి: ఏ భాగం ఎంత శాతం, మూడు మార్కులు విడివిడిగా, రక్తనాళాల్లో చొరబాటు ఉందా, ఎక్కడైనా డిసిఐఎస్ కనిపించిందా, ఏ కెరాటిన్లు చేశారు, ఏవి పాజిటివ్, అతి దగ్గరి మార్జిన్ ఎన్ని మిల్లీమీటర్లు, మొత్తం ఎన్ని బ్లాకులు తీశారు. కీమో మాత్రం దీనికోసం వారాల తరబడి వాయిదా వేయొద్దు. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలయ్యేలా చూసుకుంటూ, ఈ పని పక్కన నడిపించాలి.